కడలి పాముకు గరుడుడెవరు?



శేషాచలము నీడలో నివసించు మనకు పామును గురించి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. మన కొండకే పాము పేరు. తిరుమల బ్రహ్మోత్సవములలో మొదటినాటి రాత్రి స్వామివారు పెద్దశేషవాహనముపై ఊరేగుదురు. ఐదవనాటి రాత్రి గరుడసేవ జరుగును. పాముకును గరుడునకును పుట్టువైరమని పురాణములు చెప్పుచున్నవి. అయినను ఇద్దరును ఒకే స్వామిని మోయువారే.

పురాణములలోని మాట అటుండనిండు. మన చేలగట్ల మీదను పాముకు వైరులకు కొదువ లేదు. పొదలలో ముంగిస కాచుకొనియుండును. అడవిలో నెమలి యున్నది. పైన పాములనే వెదకి పట్టు గ్రద్ద తిరుగుచుండును. కాని పాము నేల విడిచి కడలిలోనికి పోయినచో అక్కడ దానికి గరుడుడెవరు? నేటి ప్రసంగములో మేము విచారింపదలచిన సంగతి ఇదియే.

తిరుపతికి, చిత్తూరుకు సముద్రముతో నేమి సంబంధమని కొందరు శ్రోతలు అనుకొనవచ్చును. 2022 ఏప్రిల్ 4వ తేదీన రాష్ట్రములో క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, వాకాడు ప్రాంతములు, శ్రీహరికోట దీవి, మన రాష్ట్రమున నున్న పులికాటు సరస్సు తిరుపతి జిల్లాలో చేరినవి. కొండల జిల్లాకు ఒక కడలి అంచు లభించినది. ఆ అంచున తెల్లవారుజామున వల లాగి బ్రతుకువారు కూడ ఇప్పుడు మన ఇరుగుపొరుగువారే.

కొన్ని ఏండ్ల క్రిందట పడవపాటలు రికార్డు చేసికొని వచ్చుటకై మేము ఆ తీరమున ఒక పల్లెకు పోయితిమి. వల ఒడ్డుకు వచ్చినది. చేపల నడుమ మూరెడున్నర పొడవున ఒక పాము మెలికలు తిరుగుచుండెను. దాని తోక తెడ్డువలె చప్పిడిగా నున్నది. పిల్లలు వెనుకకు జరిగిరి. ఒక ముసలివాడు మాత్రము తొందరపడక కర్రతో దానిని ఎత్తి నీళ్లలోనికి విసరివేసెను. చంపక విడిచితివేమని మేమడిగితిమి. అతడు నవ్వి, "దాన్ని మనం చంపేదేంది సామీ, దాని పని చూసేదానికి లోపల సొర ఉండాది గదా!" అనెను.

ఆ మాట పాటలతోపాటు మా యంత్రములోనికి ఎక్కినది. స్టూడియోకు తిరిగివచ్చి మరల మరల వింటిమి. పట్టభద్రులమైయుండియు అది నిజమో, పల్లెవారి నమ్మకమో తేల్చి చెప్పలేకపోయితిమి. అందుచేత పుస్తకములు తిరుగవేసితిమి. అప్పుడు తెలిసికొన్న విషయములనే ఇప్పుడు మీ ముందుంచుచున్నాము.

మొదట పామును గురించి రెండు మాటలు. సముద్రసర్పములు దాదాపు డెబ్బది జాతులు కలవు. ఇవి నాగుపాము, కట్లపాముల చుట్టములు. వీని పూర్వులు నేలమీద బ్రదికినవి. పిమ్మట నీటికి అలవాటుపడినవి. నీటిలో ఈదుటకు తోక తెడ్డువలె చప్పిడియైనది. ముక్కురంధ్రములు మూసికొనుటకు కవాటములు వచ్చినవి. ఊపిరితిత్తి ఒక్కటే, దాదాపు తోక మొదలి వరకు సాగియుండును. నాలుక క్రింద నున్న గ్రంథి ఒంటిలో ఎక్కువైన ఉప్పును వెలికి నెట్టివేయును. పెక్కుజాతులు ఒడ్డుకు రాకయే నీటిలోనే పిల్లలను కనును. ఇన్ని మార్పులు వచ్చినను చేపలకువలె మొప్పలు మాత్రము రాలేదు. ఎంతసేపు మునిగియున్నను గాలికై పైకి రావలసినదే. ఈ సంగతి గుర్తుంచుకొనవలసినది. పాము కష్టములు చాలవరకు ఇక్కడనే మొదలగును.

ఈ పాములను గురించి శాస్త్రరీతిగా వ్రాసిన తొలి గ్రంథములలో నొకటి మన తెలుగునాటనే రూపు దిద్దుకొన్నదని చెప్పుటకు సంతోషించుచున్నాము. పాట్రిక్ రసెల్ అను స్కాట్లండు వైద్యుడు విశాఖపట్టణమున నివసించి, 1785లో తూర్పు ఇండియా కంపెనీవారికి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమితుడయ్యెను. కోరమాండలు తీరపు పాములను గూర్చి ఆయన రచించిన పెద్ద గ్రంథము 1796లో వెలువడెను. అందు పాముల బొమ్మలకు ఆయన ఇక్కడివారు పిలుచు పేర్లనే పెట్టెను. మనము రక్తపింజర యనుదానిని ఆనాడు 'కాటుకరేకుల పొడ' యని పిలుచుచుండిరని ఆ గ్రంథము వలననే తెలియుచున్నది. కట్లపాముల వర్గమునకు నేటికిని ప్రపంచమంతటను వాడుకలోనున్న 'బంగారస్' అను శాస్త్రనామము మన బంగారము మాటనుండి పుట్టినదే. అదే గ్రంథమున సముద్రసర్పములకును చోటు దొరకినది.

రసెల్ తరువాత ఈ తీరమున పనిచేసిన మరియొకరు టి. సి. జెర్డన్. ఈయన నెల్లూరులో సివిల్ సర్జనుగా నుండి, యానాదుల నడిగి ఇక్కడి జంతువులను గురించి ఎన్నో సంగతులు తెలిసికొనెను. మన రాయలసీమ కలివికోడికి ఆంగ్లములో ఈయన పేరే పెట్టిరి. ఒక సముద్రసర్పమునకు కూడ ఈయన పేరే కలదు. తెల్లని పొట్టగల సముద్రపు గ్రద్ద కడలిపాములను పట్టి తినునని వ్రాసినవాడును ఈయనయే. కాబట్టి మా ప్రశ్నకు మొదటి సమాధానము పురాణముతో చక్కగా కలియుచున్నది. కడలిమీద ఎగురు గరుడుడు నిజముగానే ఉన్నాడు. కాని అతడు నీటిపైకి వచ్చిన పామునే పట్టగలడు. నీటి అడుగున పాము రాజ్యమే ననుకొందుమా?

అట్లనుకొనుటకు కారణము దాని విషము. మన తూర్పుతీరమున సామాన్యముగా కనబడు ముక్కు పాము, అనగా పైపెదవి కొక్కెమువలె వంగియుండు జాతి, మిక్కిలి తీక్ష్ణమైన విషము గలది. దీని ముఖ్యాహారము జెల్లచేపలు. జెల్లకు ముండ్లుండునని మన ఇల్లాండ్రకు తెలియును. ముండ్ల చేప గింజుకొన్నచో మ్రింగువాని గొంతు చీలును. అందుచేత దానిని క్షణములో కదలకుండ చేయవలయును. పాముకు విషమిచ్చినది ఈ అవసరమే. విషము ముఖ్యముగా భోజనమునకు సాధనము. మనిషిని చంపుటకు గాని, శత్రువును గెలుచుటకు గాని పుట్టినది కాదు.

ఇక్కడ ఒక్క నిమిషము ప్రసంగము నాపి, తీరవాసులైన శ్రోతలకు ఒక హితవు చెప్పదలచినాము. సముద్రసర్పము కరచినప్పుడు నొప్పి అంతగా తెలియదు. చేపముల్లు గ్రుచ్చుకొన్నదని భ్రమపడి ఊరకుండువారు కలరు. కాటుపడిన వారిలో ఎక్కువమందికి విషమెక్కదు. ఎక్కినచో అరగంటనుండి కొన్ని గంటలలోపల కండరములు నొచ్చును. మెడ, దవడ బిగిసికొనును. కనురెప్పలు వాలును. మూత్రము నల్లని కషాయమువలె మారును. కండరములు దెబ్బతిని వాని రంగుపదార్థము మూత్రపిండములకు చేరుటయే దీనికి కారణము. 1950, 1960 దశకములలో మలయాలోని పెనాంగు రేవున రీడ్ అను వైద్యుడు జాలరుల కాట్లను పరిశీలించి ఈ లక్షణములను వివరించెను. మన దేశమున తయారగు విషపు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకే ఉద్దేశింపబడినది. సముద్రసర్ప విషమునకు విరుగుడు ఆస్ట్రేలియాలో చేయుదురు. కావున వలలోని పామును చేతితో ముట్టరాదు. కాటుపడినవానిని నడిపింపరాదు, గాయమును కోయరాదు, నోటితో పీల్చరాదు. కాటుపడిన అవయవమును కదలకుండ నుంచి, ధైర్యము చెప్పి, వెంటనే పెద్దాసుపత్రికి చేర్చవలయును. శ్వాసకును మూత్రపిండములకును ఆసరా దొరకినచో ప్రాణము నిలుచుటకు అవకాశము ఎక్కువ.

ఇక సొర సంగతికి వత్తము. "తాడిని తన్నువాని తలదన్నువాడు ఉండును" అని మన సామెత. సముద్రసర్పము తలదన్నువారిలో ముఖ్యుడు పులిసొర. పడుచుతనమున దీని ఒంటిపై పులిచారలవంటి చారలుండును. వయసు ముదిరినకొలది అవి మాసిపోవును. పెరిగిన పులిసొర ఐదు గజములకు మించవచ్చును. దాని పండ్లు రంపపుటంచు గలిగి, కోడిజుట్టువలె ప్రక్కకు వంగియుండును. తాబేటి చిప్పను సైతము కోయగల పండ్లవి. వాసన పసిగట్టుటలోను, ఇతర ప్రాణుల కండరములనుండి పుట్టు సన్నని విద్యుత్తును కనిపెట్టుటలోను దీనికి మిక్కిలి నేర్పు కలదు. ఇది తినని వస్తువు లేదనుట అతిశయోక్తి కాదు. పట్టుబడిన పులిసొరల కడుపులలో రేకుడబ్బాలు, మోటారుబండ్ల నంబరు పలకలు సైతము దొరకినవి.

ఆస్ట్రేలియా తీరములలో పట్టిన పులిసొరల కడుపులను శాస్త్రజ్ఞులు తరచి చూడగా సముద్రసర్పములు తరచుగా కనబడినవి. ఎప్పుడో ఆకలికి తిన్న తిండి కాదు, అలవాటుపడిన తిండి. అందులోను మూడు గజముల లోపు పడుచుసొరలే పాములను ఎక్కువగా తినుచున్నవనియు, ముదిరిన పెద్దసొరలు తాబేళ్లవంటి పెద్ద వేటకు మరలుచున్నవనియు తేలినది. శ్రోతలు ఈ మాటను దయచేసి గుర్తుంచుకొనవలయును. దీనితో తరువాత పని కలదు.

అంత విషము గల పామును తిన్న సొర చావదా యని పిల్లలడుగుదురు. మంచి ప్రశ్న. పాము విషము మాంసకృత్తులతో కూడినది. అది రక్తములో కలిసినప్పుడే చంపును. పుండు లేని నోటిద్వారా కడుపులోనికి పోయినచో తక్కిన మాంసమువలె జీర్ణమగును. పైగా సొర చర్మము చిన్నచిన్న పండ్లవంటి గట్టి పొలుసులతో కప్పబడియుండును. సముద్రసర్పపు కోరలు పొట్టివి. వేటలో తిరుగులేని ఆయుధము వేటగానిముందు ఇట్లు వట్టిపోవుచున్నది.

సొర పామును తినుటతో కథ ముగియలేదు. అసలు విశేషము ఇకముందున్నది. ఆస్ట్రేలియా పడమటి తీరమున షార్క్ బే, అనగా సొరల అఖాతము, అను లోతు తక్కువ సముద్రభాగము కలదు. 1991లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించిరి. హైథాస్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు అక్కడ ఏండ్ల తరబడి పులిసొరలను, వాని ఆహారమగు ప్రాణులను కనిపెట్టి చూచిరి. అక్కడి చారలపొట్ట సముద్రసర్పమును గూర్చి 2008లో ప్రకటింపబడిన ఒక పరిశోధన మాకు మిక్కిలి వింత గొలిపినది.

ఆ పాముకు ఇష్టమైన తిండి ఇసుకమేటలలో దొరకును. సముద్రపు గడ్డి పెరిగిన చోట్ల తిండి తక్కువ. అయినను పాము ఎల్లప్పుడును ఇసుకమేటలలో ఉండదు. ఆటువేళ నీరు తగ్గినప్పుడు సొరలు ఆ మేటలమీదికి రాలేవు. అప్పుడు పాము ఇసుకలో తిరిగి తినును. పోటువేళ నీరు పెరిగి సొర వచ్చు సమయమునకు తిండి విడిచి గడ్డిలోనికి పోవును. గడ్డి దట్టముగా నుండుటచే సొరకు అక్కడ వేట సాగదు. అనగా పాము ఆకలిని, ప్రాణమును త్రాసులో వేసి తూచుకొనుచు రోజులు గడుపుచున్నదన్నమాట. మనము చూచి జడియు పాము తానును జడియుచున్నది. సొర దానిని తిననక్కరలేదు. వచ్చునేమో యను భయము చాలును. పాము ఎప్పుడు, ఎక్కడ, ఎంత తినవలయునో ఆ భయమే నిర్ణయించుచున్నది.

చెరువుకట్టపై కావలివాడు నడచుచున్నంతకాలము దొంగ చేలోనికి దిగడు. కావలివాడు ఎవరిని పట్టినాడని లెక్క అడిగినచో సున్న యని తేలవచ్చును. అంతమాత్రమున కావలి వ్యర్థమందుమా? సొర చేయుపనిలో చాలభాగము ఇట్టిదే. అది కంటికి కనబడదు.

ఈ భయము పాముల శరీరములపై కూడ వ్రాసియున్నదనవచ్చును. ఆస్ట్రేలియా పగడపు దిబ్బలలో ఆలివు రంగు సముద్రసర్పము ఒకటి కలదు. దాని తోకపై వెలుగు పడినచో, తలకు ఏమియు కనబడకున్నను, తోక తనంత తాను నీడలోనికి జరుగును. చర్మమే వెలుతురును పసిగట్టుచున్నదన్నమాట. ఈ జాతుల తోకలను గూర్చి 2019లో మరికొంత వివరము వెలువడినది. రాతిసందులో నిద్రించు పాము తోక వెలుపల వ్రేలాడినచో సొరకు అది సులభముగా చిక్కును. ఆ ముప్పునుండి కాపాడుకొనుటకే ఈ నేర్పు వచ్చియుండునని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు.

మరియొక జాతి వేరుదారి త్రొక్కినది. పసుపుపొట్ట సముద్రసర్పము దాగుకొనదు. నడిసముద్రమున అందరికి కనబడునట్లు తేలుచుండును. తన రంగే దానికి డాలు. 1970లో ప్రకటింపబడిన ఒక ప్రయోగమున పసిఫిక్ సముద్రపు వేటచేపలకు ఈ పామును చూపగా అవి ముట్టలేదు. ఈ పాములే లేని అట్లాంటిక్ సముద్రపు చేపలు మాత్రము తెలియక పట్టినవి. వానిలో కొన్ని కాటు తిని చచ్చినవి. వెనుకటినుండి కలిసి బ్రదికినవారికే ఒకరి సంగతి మరియొకరికి తెలియును.

ఇప్పుడు మరల ఆ పల్లెకు పోదము. ముసలివాని మాట నిజమేనని పుస్తకములు సాక్ష్యమిచ్చుచున్నవి. ఏ కళాశాల మెట్లును ఎక్కక, సముద్రమును చూచియే అతడా సత్యమును గ్రహించెను. కాని ఆ ఉదయమున మేము చూచినది మరియొకటి కలదు. దానిని దాచిపెట్టుట న్యాయము కాదు. పామును విడిచిన ఆ ఇసుకమీదనే, ఆ వలనుండియే ఏరిన పిల్లసొరలు గంపనిండ నుండెను. ముసలివాని కోడలు వానిని ఎండుకును, పచ్చికిని వేరుచేయుచుండెను.

ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు, రాకూడదు కూడ. బాలింతకు పాలు పడునని పాలసొర వండిపెట్టుట మన తీరమున తరతరాల ఆచారము. ఆ గంప వారి బియ్యము, బడిజీతము. అయినను లెక్క లెక్కయే. పులిసొర ఈనుటకు పలు సంవత్సరములు పెరుగవలయును. ఏటేట ఈనదు. వలకు సులభముగా చిక్కునది పడుచుసొర. పాములను ఎక్కువగా తినునదియు పడుచుసొరయే. గంపలోని పిల్లలలో పాలసొరలు ఎన్నియో, పులిసొరలు ఎన్నియో వల ఎంచి చూడదు. "లోపల సొర ఉండాది గదా" అను నమ్మకమునకు ఆధారము ఆ గంపలోనే తరిగిపోవుచున్నది.

ఇది మన ఒక్క తీరపు మాట కాదు. 1970 మొదలు 2018 వరకు నడిసముద్రపు సొరలు, టేకిచేపలు నూటికి 71 వంతులు తగ్గినవని 2021లో ప్రకటింపబడిన లెక్క. సొరలను ఎక్కువగా పట్టు దేశములలో మనది యొకటి. సొర రెక్కలు కోసికొని, బ్రతికియున్న ఒడలిని నీటిలో పారవేయు క్రూరపద్ధతిని మన ప్రభుత్వము 2013లో నిషేధించినది. 2015లో రెక్కల ఎగుమతిని నిషేధించినది. పాముల వంతు కూడ సుఖముగా లేదు. మరపడవలు గంటలకొలది ఈడ్చు వలలలో చిక్కిన పాము పైకి వచ్చి గాలి పీల్చుకొనలేక ఉక్కిరిబిక్కిరియై చచ్చును. సొరనుండి తప్పించుకొనుటకు ఆటుపోటుల లెక్క నేర్చిన పాముకు, వేళాపాళా లేని ఈ వలనుండి తప్పించుకొను లెక్క తెలియదు.

సొరలు తగ్గినచో పాములు పెరుగునా యని శ్రోతలడుగవచ్చును. అంత సులువైన కూడిక తీసివేత కాదిది. తినువాడు తగ్గినప్పుడు తినబడునది తన చోటు మార్చును, వేళ మార్చును, తిండి మార్చును. దానివెనుక జెల్లచేప, గడ్డిమేట, చివరకు జాలరి వల కూడ మారవలసివచ్చును. గొలుసులో ఒక కడియము సడలినచో ఏ కడియము ముందు తెగునో చెప్పలేము. సడలనీయకుండుటయే తెలివి.

అందుకు మన చేతనైనవి చిన్నపనులే. వలలో బ్రతికియున్న పామును ముసలివానివలె కర్రతో నీటికి చేర్చుట. బ్రతికియున్న పులిసొర పిల్లను గుర్తించి విడుచుట. గుర్తించుటకు ఆ చారలే చాలును. సంతలో కొనువారు పిల్లసొరలను కోరకుండుట. ఈ చివరి పని తిరుపతిలో, చిత్తూరులో చేపలు కొను మనవంతు.

ఈసారి బ్రహ్మోత్సవములకు మాడవీధులలో నిలుచునప్పుడు శ్రోతలు ఒక్కమాట తలచుకొనవలయునని మా కోరిక. శేషుడు మోసిన స్వామినే గరుడుడును మోయుచున్నాడు. ఒకరిని తొలగించి మరియొకరితో ఉత్సవము జరుపుట మన పెద్దలకు తోచలేదు. కడలిలోపలి ఊరేగింపునకును ఇద్దరు వాహనదారులు కావలయును.

ముసలివాని మాట పదిలముగా మా వద్ద టేపులో నున్నది. అది రానున్న తరమునకును నిజముగా నుండవలయునని కోరుచు, నేటికి సెలవు తీసికొనుచున్నాము.